ఫోటో ప్రశ్నలు: బీరువాల్లోంచి బయటికొస్తున్న ఆటోఫోకస్ కెమెరాలు

ఫిల్మ్ రీళ్లు మళ్లీ దొరుకుతున్నాయని ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి ఉత్తరాల వరస మారిపోయింది. ఫోన్ కెమెరాల ప్రశ్నలు తగ్గాయి, ఇళ్లలో మూలపడిన పాత కెమెరాల ప్రశ్నలు పెరిగాయి. అందులోనూ 1985 నుంచి 2000 దాకా వచ్చిన ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌ల (అద్దం సాయంతో లెన్సులోంచే చూసి తీసే కెమెరాల) మీదే ఎక్కువ. నాకు సంతోషమే. ఇత్తడి, తోలు, మెరుపు ఉన్న మాన్యువల్ కెమెరాల్ని అందరూ అద్దాల షెల్ఫులో పెట్టుకుంటారు. ఈ నల్ల ప్లాస్టిక్ కెమెరాల్ని ఎవరూ పెట్టుకోరు. కానీ పత్రికలో ఫోటోగ్రాఫర్‌గా నాకు కూడు పెట్టింది ఇవే. అందుకే ఈ నెల మొత్తం వీటికే ఇస్తున్నాను.

మా నాన్నగారు 90లలో ఊళ్లో స్టూడియో నడిపేవారు. ఆయన పోయాక బీరువాలో నికాన్ ఎఫ్-801 కెమెరా, 35-70 జూమ్ లెన్స్ దొరికాయి. సెల్స్ వేస్తే పైన తెర మీద అంకెలు వస్తున్నాయి. కానీ బటన్ నొక్కితే ఒక్కోసారి క్లిక్ అంటుంది, ఒక్కోసారి అనదు. పాడైపోయిందా? అసలు ఇందులో ఏమేం ఉన్నాయి?
— తెనాలి నుంచి ఒక పాఠకురాలు

అమ్మా, ముందు క్లిక్ సంగతి చూద్దాం. లెన్స్ పక్కన కెమెరా ముందు భాగంలో ఒక చిన్న మీట ఉంటుంది, దాని దగ్గర ఎస్, సి, ఎం అని అక్షరాలుంటాయి. మీట ‘ఎస్’ దగ్గరుంటే ఫోకస్ కుదిరేదాకా షటర్ పడదు. కావాలని అలా చేశారు. మసక ఫోటోకి రీల్ వృథా కాకూడదని. మీరు ఏ తెల్ల గోడకో చీకటి మూలకో గురిపెట్టి నొక్కి ఉంటారు. మీటని ‘ఎం’కి, అంటే చేత్తో ఫోకస్ చేసే చోటికి, జరిపి నొక్కండి. అప్పుడు ప్రతిసారీ క్లిక్ అంటే కెమెరాకి ఏ జబ్బూ లేదు.

అప్పటికీ మొరాయిస్తే తెర మీద ‘ఎఫ్ఈఈ’ అన్న ఇంగ్లిష్ అక్షరాలు కనబడుతున్నాయేమో చూడండి. లెన్స్ మీద అపర్చర్ రింగు (వెలుతురు దూరే కన్నాన్ని పెంచి తగ్గించేది) ఉంటుంది కదా, కెమెరానే అన్నీ పెట్టుకునే ప్రోగ్రామ్ మోడ్‌లో వాడేటప్పుడు దాన్ని అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గర, అంటే 22 దగ్గర పెట్టి లాక్ చేయాలి. రింగు కదిలితే కెమెరా ఆ మూడక్షరాలు చూపించి షటర్ ఆపేస్తుంది. దీనికే భయపడి మెకానిక్ దగ్గరికి పరిగెత్తిన వాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇక కెమెరా గురించి. ఎఫ్-801 వచ్చింది 1988లో. అమెరికాలో ఇదే కెమెరాని ఎన్8008 పేరుతో అమ్మారు. నికాన్ అంతకు రెండేళ్ల ముందు తెచ్చిన ఎఫ్-501లో కూడా ఫోకస్ మోటారు బాడీలోనే ఉంది గానీ, చేతిలో పట్టుకుంటే రెంటికీ చాలా తేడా. ఎఫ్-801 షటర్ 30 సెకన్ల నుంచి సెకనులో 8000వ వంతు దాకా వెళ్తుంది. ఆ 8000 ఎందుకని మీరు అడగొచ్చు. మన ఎండల్లో అదే ప్రాణం. వంద ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్మ్ ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) రీల్ వేసి, మిట్టమధ్యాహ్నం, వెనకంతా మసకగా రావాలని లెన్స్‌ని ఎఫ్2కి (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది) తెరిచారనుకోండి. అప్పుడు కావలసిన వేగం 6400వ వంతు దగ్గరికొస్తుంది. 1000వ వంతుతో ఆగిపోయే కెమెరా అక్కడ చేతులెత్తేస్తుంది, ఫోటో తెల్లగా మాడిపోతుంది. ఈ కెమెరా తీసేస్తుంది.

మీ నాన్నగారు దీన్ని కొనడానికి అసలు కారణం బహుశా ఫ్లాష్ అయ్యుంటుంది. 250వ వంతు దగ్గర ఫ్లాష్ సింక్ అవుతుంది, అంటే షటర్ అంత వేగంలో ఉన్నా ఫ్లాష్ వెలుగు ఫ్రేము మొత్తం పడుతుంది. అప్పట్లో చాలా కెమెరాలకి 60, కాస్త మంచి వాటికి 125. పగటి పెళ్లిలో పందిరి కింద పెళ్లికూతురు నీడలో, వెనక పెరడంతా మండుటెండలో ఉంటే, నీడలో ఉన్న ముఖానికి ఫ్లాష్ వేయాలి, వెనక ఎండ మాడిపోకూడదు. 60తో అది కుదరదు, 250తో కుదురుతుంది. దానికి తోడు మ్యాట్రిక్స్ మీటరింగ్. దృశ్యాన్ని అయిదు భాగాలుగా చూసి లైటు లెక్క వేస్తుంది. తెల్ల పంచె కట్టుకున్న తాతగారు ఫ్రేము నిండా ఉన్నా, ఆయన్ని బూడిదరంగులో చూపించకుండా చాలాసార్లు సరిగ్గానే తేలుస్తుంది. ఎస్‌బీ-24 ఫ్లాష్ కూడా ఆ బీరువాలోనే ఉందేమో వెతకండి, రెండూ ఒకే సంవత్సరం వచ్చిన జంట.

మామూలు పెన్సిల్ సెల్స్ నాలుగు వేస్తే చాలు. పల్లెటూరి కిళ్లీకొట్లో కూడా దొరుకుతాయి. దీనికన్నా తర్వాత వచ్చిన కొన్ని మంచి కెమెరాలకు ఖరీదైన లిథియం సెల్స్ కావాలి, నేను వాటికన్నా దీన్ని ఇష్టపడటానికి అదీ ఒక కారణం. అయితే సెల్స్ అయిపోతే కెమెరా ఇక ఇటుకే. సెల్ లేకుండా పడే స్పీడు ఒక్కటీ లేదు, రీల్ తిప్పడానికి మీట కూడా లేదు. వాడని రోజుల్లో సెల్స్ తీసి పక్కన పెట్టండి. హోల్డర్‌లో తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుంటే అది సెల్ కారిన గుర్తు. చెవి పుల్లకి కొంచెం వెనిగరో నిమ్మరసమో అద్ది తుడిచి, తర్వాత పొడి పుల్లతో శుభ్రంగా ఆరబెట్టండి. తుడిచేటప్పుడు తడి లోపలికి జారకుండా కెమెరా అడుగు భాగం కిందికి ఉండేలా పట్టుకోవాలి.

రీల్ వేసే ముందు లెన్స్ విప్పి ఆకాశం వైపు పెట్టి చూడండి. లోపల సాలెగూడు దారాలు కనబడితే ఫంగస్. మన కోస్తాలో, ముఖ్యంగా తోలు కేసులో మూసి పెట్టిన లెన్సుకి ఇది తప్పదు. తోలు తేమని పట్టి ఉంచుతుంది. ఇక మీదట గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. కెమెరా లోపలున్న అద్దాన్ని మాత్రం వేలితోగానీ గుడ్డతోగానీ తాకవద్దు. దాని వెనక ఇంకో చిన్న అద్దం ఉంటుంది, అది రవ్వంత కదిలినా ఫోకస్ తప్పుతుంది. దుమ్ముంటే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో వద్దు.

సెన్సర్ లేదు, లైవ్ వ్యూ లేదు, ప్రాసెసర్ అంటే నామమాత్రం. మరి 80లలో కెమెరా తనంతట తాను ఫోకస్ ఎలా చేసింది? మా సీనియర్ దగ్గర తీసుకున్న ఎఫ్-801 కొన్నిసార్లు లెన్స్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూనే ఉంటుంది. ఎందుకు?
— హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

సెన్సర్ లేదని ఎవరన్నారు బాబూ? ఫోటో తీసే సెన్సర్ లేదు గానీ ఫోకస్ చూసే సెన్సర్ ఉంది. కెమెరా అడుగున, అద్దం పెట్టె కింద. ఎఫ్-801లో అది 200 చుక్కల సీసీడీ (వెలుతురుని విద్యుత్ సంకేతంగా మార్చే చిప్), ఒకే వరసలో.

ఎస్ఎల్ఆర్‌లో ఏటవాలుగా ఉండే పెద్ద అద్దం వెలుతురుని పైకి, మీ కంటి వైపు పంపుతుంది. ఆటోఫోకస్ కెమెరాల్లో ఆ అద్దం మధ్య భాగం పూర్తి అద్దం కాదు, కొంత వెలుతురుని లోపలికి వదులుతుంది. అలా దాటిన వెలుతురు వెనకున్న చిన్న అద్దం మీద పడి అడుగుకి మళ్లుతుంది. అక్కడ రెండు బుల్లి లెన్సులు, పెద్ద లెన్స్ ఎడమ అంచు నుంచి వచ్చిన బొమ్మనీ కుడి అంచు నుంచి వచ్చిన బొమ్మనీ విడివిడిగా సీసీడీ మీద వేస్తాయి. మీరు వేలిని ముక్కు ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూస్తే వేలు పక్కకి గెంతినట్టు కనబడుతుంది కదా, ఇదీ అంతే. రెండు బొమ్మల మధ్య దూరం ఉండాల్సినంత ఉంటే ఫోకస్ కుదిరినట్టు. తక్కువగా ఉంటే ఒక వైపు, ఎక్కువగా ఉంటే ఇంకో వైపు తప్పినట్టు. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో ఒక్క చూపులో తెలిసిపోతుంది. దీన్నే ఫేజ్ డిటెక్షన్ అంటారు. దీనికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు.

తెలిసిన మేరకు మోటారు తిప్పుతుంది. మీ లెన్స్ విప్పి బాడీ మౌంటు, అంటే లెన్స్ తగిలే చోటు, చూడండి, వృత్తం అంచున స్క్రూడ్రైవర్ మొన ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అది లెన్స్ వెనకున్న గాడిలో కూర్చుని గిర్రున తిరుగుతుంది. ఆ గర్రుమనే శబ్దం దానిదే.

ఇక ఎందుకు వెతుక్కుంటుందంటారా, రెండు బొమ్మల్ని పోల్చాలంటే పోల్చడానికి ఏదో ఒక గీత, అంచు కావాలి. సున్నం వేసిన గోడ మీద ఏముంటుంది పోల్చడానికి? ఇంకొకటి. ఆ సీసీడీ వరస అడ్డంగా ఉంటుంది కాబట్టి నిలువు గీతల్ని బాగా పడుతుంది, అడ్డ గీతల్ని పట్టలేదు. విశాఖ బీచ్‌లో నిలబడి సముద్రం అంచుకి గురిపెట్టండి, ఎంత స్పష్టంగా ఉన్నా లెన్స్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. కెమెరాని నిలువుగా తిప్పి, బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టనివ్వండి. బటన్ వదలకుండా మళ్లీ అడ్డంగా తిప్పి పూర్తిగా నొక్కండి. ఈ అలవాటు ఒక్కటి వచ్చిందంటే పాత ఆటోఫోకస్ మీద మీ ఫిర్యాదుల్లో చాలావరకు పోతాయి. 1992లో నికాన్ ఎఫ్90 వచ్చాక అడ్డ గీతల్ని కూడా చూసే సెన్సర్ పెట్టారు, అప్పటికి మాకు మెడ తిప్పడం అలవాటైపోయింది.

మూడో కారణం వెలుతురు. 1991 గోదావరి పుష్కరాలకి రాజమండ్రిలో తెల్లవారకముందు నుంచే రేవు దగ్గర ఉండేవాళ్లం. ఆ వేళలో ఆటోఫోకస్‌ని నమ్ముకుంటే మునిగే వాళ్లు మునిగి, ఒడ్డెక్కి, బట్టలు మార్చుకుని వెళ్లిపోయేవారు. మీటని ‘ఎం’కి తోసి, మెట్ల దూరం అంచనా వేసి, రింగు అక్కడ పెట్టి వదిలేసేవాణ్ని. సూర్యుడు వచ్చాక మళ్లీ ‘ఎస్’. కెమెరాకి ఏది చేతకాదో తెలిస్తే దాంతో పని సులువు. చీకట్లో తప్పనిసరైతే ఎస్‌బీ-24 ఫ్లాష్ పెట్టుకోండి, అది ఎర్రటి గీతల కాంతి వేసి ఫోకస్‌కి సాయం చేస్తుంది.

మరీ చిన్న అపర్చర్ లెన్సులతో కూడా కష్టమే. కనీసం ఎఫ్5.6 దాకా కూడా తెరుచుకోని లెన్స్ అయితే, ఆ ఎడమ, కుడి అంచుల నుంచి రావాల్సిన వెలుతురు సీసీడీ దాకా రాదు.

ఓఎల్ఎక్స్‌లో మినోల్టా 7000 ఒకటి చాలా చవగ్గా కనబడింది. పైన తెర మూలలో నల్ల మచ్చ ఉంది. అమ్మే ఆయన ‘మామూలే’ అంటున్నాడు. తీసుకోవచ్చా?
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

తెర మచ్చ నిజంగానే మామూలే. ఎల్‌సీడీ లోపలి ద్రవం వయసుతో అంచుల నుంచి నల్లబడుతుంది. అంకెలు చదవగలిగినంత కాలం ఫోటోకి ఏమీ కాదు. మీరు భయపడాల్సింది వేరే దానికి. ఈ మోడల్‌లో అపర్చర్‌ని ఆపే చిన్న అయస్కాంతం వయసు మీద పడి పట్టు తప్పుతుంది. అప్పుడు కెమెరా ఏం లెక్క వేసినా లెన్స్ చివరిదాకా మూసుకుపోయి, రీల్ మొత్తం చీకటిగా వస్తుంది. కొనేముందు పరీక్ష చాలా తేలిక. వెనక తలుపు తెరిచి, షటర్, అపర్చర్ రెండూ మనమే పెట్టుకునే ‘ఎం’ మోడ్‌లో షటర్ ఒక సెకను, అపర్చర్ ఎఫ్4 పెట్టి, వెనక నుంచి చూస్తూ నొక్కండి. కన్నం పెద్దదిగా గుండ్రంగా కనబడాలి. తర్వాత ఎఫ్16 పెట్టి నొక్కితే చిన్నది కావాలి. రెండుసార్లూ చిన్నదే కనబడితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇది చరిత్ర ఉన్న కెమెరా. 1981లోనే పెంటాక్స్ ఎంఈ-ఎఫ్‌లో ఆటోఫోకస్ ఉంది, కానీ మోటారూ సెల్సూ అన్నీ మోయాల్సింది లెన్సే. 1985 ఫిబ్రవరిలో మినోల్టా ఫోకస్ మోటారునీ రీల్ తిప్పే మోటారునీ రెంటినీ బాడీలోనే ఇమిడ్చి ఈ 7000 తెచ్చింది. గుండ్రటి డయల్ ఒక్కటీ లేదు, అన్నీ బటన్లే. నికాన్, కెనాన్ అప్పటికి ఇంకా దారి వెతుక్కుంటున్నాయి. ఆ విజయానికి మినోల్టా ఖరీదు కూడా కట్టింది. ఫోకస్ పద్ధతి పేటెంట్లు తమవని అమెరికాలో హనీవెల్ కోర్టుకెక్కి 1992లో గెలిచింది, చివరికి మినోల్టా 12 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది.

నా సలహా అడిగారు కాబట్టి, బాడీని చూసి కాదు, దాంతో వచ్చే లెన్స్‌ని చూసి కొనండి. 50 ఎఫ్1.7 ఉంటే బేరమాడకుండా తీసుకోవచ్చు. 70-210 ఎఫ్4 ఉంటే ఇంకా మంచిది. కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారాన్ని 2006లో వదిలేసినప్పుడు సోనీ అదే మౌంటుని కొనసాగించింది. ఇప్పటి సోనీ మిర్రర్‌లెస్ కెమెరాలు కొన్నిటికి ఎల్ఏ-ఈఏ5 అడాప్టర్ తగిలిస్తే 1985 నాటి ఆ లెన్స్ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. బాడీ రేపు ఆగిపోయినా లెన్స్ మీ ఆస్తిగా మిగులుతుంది.

ఇక్కడ ఒక గరాజ్ సేల్‌లో ‘మాక్సమ్ 7000’ కొన్నాను. నెట్‌లో చూసిన ఫోటోల్లో లేనట్టుగా, నా కెమెరా మీద పేరులో రెండు ఎక్స్‌లు ఒకదానిమీద ఒకటి అల్లుకుని ఉన్నాయి. నకిలీదా?
— డాలస్, అమెరికా నుంచి ఒక పాఠకురాలు

నకిలీ కాదండీ, తొలి విడతది. పైన చెప్పిన మినోల్టా 7000నే అమెరికాలో మాక్సమ్ 7000 అన్నారు. మొదట్లో పేరులోని రెండు ఎక్స్‌లని అలా అల్లి ముద్రించారు. తమ ఎక్స్‌లు కూడా అలాగే ఉంటాయని ఎక్సాన్ పెట్రోలు కంపెనీ అభ్యంతరం పెట్టడంతో మినోల్టా అక్షరాలు మార్చింది. సేకరించేవాళ్లు మీ దాన్నే వెతుక్కుంటారు. ఫోటోలు మాత్రం రెండూ ఒకేలా తీస్తాయి.

కెనాన్ ఈఓఎస్ 650లో మొదటి రీల్ కడిగిస్తే సగానికి పైగా ఫ్రేముల్లో పైభాగం నల్లగా వచ్చింది. షటర్ రేకుల మీద జిగట మరక కనబడుతోంది. ఇది బాగవుతుందా? మా దగ్గర డిజిటల్ కెనాన్ కూడా ఉంది, దాని లెన్సులు దీనికి పనికొస్తాయా?
— వరంగల్ నుంచి ఒక పాఠకుడు

ఆ మరక ఎక్కడిదో చెబుతాను. షటర్ రేకులు దూసుకొచ్చి ఆగేచోట దెబ్బ తగలకుండా మెత్తటి దిండు ఒకటి పెట్టారు. మూడు దశాబ్దాల తర్వాత అది కరిగి నల్లటి జిగురవుతుంది. రేకులు దానికి అతుక్కుని ఆలస్యంగా విడివడతాయి. ఆ తొలితరం ఈఓఎస్‌లు చాలావాటికి, 650కీ 620కీ కూడా, ఇదే జబ్బు. మెకానిక్‌లు స్పిరిట్‌తో తుడుస్తారు, కొన్నాళ్లు బాగుంటుంది, దిండు అక్కడే ఉంటుంది కాబట్టి జిగురు మళ్లీ వస్తుంది. షటర్ పూర్తిగా విప్పి దిండు తీసేస్తే తప్ప నయం కాదు. ఆ పనికి అడిగే డబ్బుతో ఇంకో ఈఓఎస్ బాడీ వస్తుంది. ఎమోషన్ పక్కన పెట్టి ఆలోచించండి.

మీ దగ్గరున్న లెన్సులు వృథా కావు. కెనాన్ 1987లో 650తో పాటు కొత్త ఈఎఫ్ మౌంటు తెచ్చింది. పాత ఎఫ్‌డీ లెన్సులు దానికి తగలవు. అప్పటిదాకా ఎఫ్‌డీలు కొనుక్కున్న వాళ్లు ఎంత తిట్టుకున్నారో నాకు బాగా గుర్తు, నా సహోద్యోగులు కొందరు ఆ కోపంతోనే నికాన్‌కి మారారు. కానీ కెనాన్ చేసింది సరైన పనే అంటాను. మోటారుని ప్రతి లెన్సులోనూ పెట్టింది, బాడీకీ లెన్సుకీ మధ్య మాట అంతా విద్యుత్ సంకేతాలతోనే. అందుకే మీ డిజిటల్ కెమెరాకి కొన్న 50 ఎఫ్1.8 ఎస్‌టీఎం లెన్స్ ఆ 1987 బాడీ మీద పెట్టినా చక్కగా ఫోకస్ చేస్తుంది. కిట్‌తో వచ్చిన 18-55 మాత్రం ఈఎఫ్-ఎస్, అది ఫిల్మ్ బాడీకి తగలదు, బలవంతం చేయకండి. కొత్త బాడీ వెతికేటప్పుడు వెనక తలుపు తెరిపించి షటర్ రేకుల ఫోటో పంపమనండి. పంపనంటే అర్థం చేసుకోండి.

మా మామయ్య దగ్గర పాత నికాన్ ఆటోఫోకస్ లెన్సులు మూడున్నాయి. నా డిజిటల్ నికాన్ డి5600కి పనికొస్తాయా? అలాగే నా కిట్ లెన్స్ ఆయన ఎఫ్-801కి పెట్టొచ్చా?
— నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

తగులుతాయి, మీటర్ పనిచేస్తుంది, ఆటోఫోకస్ మాత్రం రాదు. డి5600లో ఆ స్క్రూడ్రైవర్ మోటారు లేదు. చేత్తో తిప్పుకోవాలి. డి7500, డి750 లాంటి వాటిలో మోటారు ఉంది. కొత్త జెడ్ కెమెరాలకి నికాన్ అమ్మే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటారు లేదు. ఈ ఒక్క విషయంలో నికాన్ మీద నాకు కినుకే. 1959 నాటి మౌంటుని ఇన్నేళ్లు కాపాడుకొచ్చి, కోట్ల మంది దగ్గరున్న లెన్సులకి ఆ చిన్న మోటారు పెట్టలేకపోయింది.

రెండో ప్రశ్నకి జవాబు, వద్దు. మీ కిట్ లెన్స్ ఏఎఫ్-పి అయితే ఎఫ్-801 మీద చేత్తో కూడా ఫోకస్ చేయలేరు, ఎందుకంటే దాని రింగు కూడా కరెంటుతోనే పనిచేస్తుంది. 50 ఎఫ్1.8 జి లాంటి ఏఎఫ్-ఎస్ (మోటారు లెన్స్‌లోనే ఉండే) లెన్స్ అయితే చేత్తో ఫోకస్ అవుతుంది, కానీ అపర్చర్ రింగు లేదు కాబట్టి అపర్చర్‌ని కెమెరానే పెట్టే పి, ఎస్ ఎక్స్‌పోజర్ మోడ్‌లకే పరిమితం. ఎఫ్-801కి సరైన జోడీ బాడీలోని స్క్రూడ్రైవర్‌తో తిరిగే పాత ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులు. మామయ్య ఇంకో బాడీ కొందామంటే ఎఫ్100 చూడమనండి, 1999ది, దాని మీద ఏఎఫ్-ఎస్ కూడా చక్కగా నడుస్తుంది.

ఫిల్మ్ నేర్చుకోవాలంటే పూర్తి మాన్యువల్ కెమెరానే కొనాలని స్నేహితులు అంటున్నారు. ఆటోఫోకస్ కొంటే ఏమీ నేర్చుకోలేనా?
— కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

ఈ మాట చెప్పేవాళ్లు కారులో ఏసీ ఆపేసి తిరుగుతారా అని అడగాలనిపిస్తుంది. ఎఫ్-801లోనూ, ఈఓఎస్‌లోనూ ‘ఎం’ మోడ్ ఉంది. షటర్ మీరే పెట్టుకోండి, అపర్చర్ మీరే పెట్టుకోండి, ఫోకస్ చేత్తో తిప్పుకోండి. నేర్చుకోవడానికి అడ్డేమిటి? పైగా మాన్యువల్ కెమెరాకి ఫ్యాషన్ వచ్చి ధరలు ఎక్కడికో పోయాయి. ఆ డబ్బుతో ఆటోఫోకస్ బాడీ, మంచి 50 లెన్స్, నాలుగైదు రీళ్లు వస్తాయి. నేర్పేది రీళ్లు. బాడీ కాదు.

కొన్ని లోపాలు మాత్రం చెప్పాలి. ఆటోఫోకస్ లెన్సుల ఫోకస్ రింగు సన్నగా, వదులుగా ఉంటుంది, చేత్తో తిప్పడం హాయిగా ఉండదు. మోటారుకి బరువు కాకూడదని అలా చేశారు. వ్యూఫైండర్‌లో కూడా మాన్యువల్ కెమెరాల్లో ఉండే రెండుగా చీలే వృత్తం ఉండదు. ఇంకొకటి, లోపలి సర్క్యూట్ బోర్డు పోతే మీ కెమెరాని ఎవరూ బతికించలేరు. గేర్లతో నడిచే కెమెరాని ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు విప్పి బాగుచేస్తారు.

మీరు తీయబోయేది పరిగెత్తే పిల్లలు, నవ్వే అమ్మమ్మ, బతుకమ్మ ఆటలు అయితే ఆటోఫోకస్ కొనండి. గుడి గోపురాలు, తలుపు గడియలు అయితే ఏది కొన్నా ఒకటే.

బల్క్ రీల్ నుంచి కత్తిరించి డబ్బాల్లో నింపిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ చవగ్గా ఇస్తున్నారు. ఆటోఫోకస్ కెమెరాల్లో వేయొచ్చా?
— రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు

వేయొచ్చు, కానీ ఐఎస్ఓ మీరే పెట్టాలి. దుకాణంలో కొన్న రీల్ డబ్బా మీద వెండి, నలుపు గళ్లు ఉంటాయి చూశారా, అది డీఎక్స్ కోడ్. కొడాక్ 1983లో తెచ్చింది. కెమెరా లోపలి మొనలు ఆ గళ్లను తాకి ఐఎస్ఓ ఎంతో తెలుసుకుంటాయి. తిరిగి నింపిన డబ్బాల మీద ఒక్కోసారి పాత రీల్ గళ్లే ఉంటాయి. లోపల 400 ఫిల్మ్, బయట 100 గళ్లు ఉన్నాయంటే కెమెరా నూరే అనుకుంటుంది. అందుకని డీఎక్స్ మీద వదలకుండా ఐఎస్ఓ బటన్ నొక్కి 400 చేయండి. రీల్ తీసేశాక మళ్లీ డీఎక్స్‌కి మార్చండి.

నింపేటప్పుడు మరీ పొడవు పెట్టొద్దని ఇచ్చేవాళ్లకి చెప్పండి. ఫిల్మ్ చివర స్పూల్‌కి టేపుతో అంటించి ఉంటుంది. అది చివరికొచ్చినప్పుడు మోటారు బలంగా లాగితే టేపు ఊడి ఫిల్మంతా బయటికొచ్చేస్తుంది, ఇక వెనక్కి చుట్టుకోదు. అలా జరిగితే తలుపు తెరవకుండా చీకటి గదిలో తీయించుకోవాలి.

వచ్చే నెల విమానంలో వెళ్తున్నాను, కెమెరాలో రీల్ సగం అయ్యి ఉంది. ఎక్స్‌రే వల్ల పాడవుతుందా?
— విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

చెకిన్ బ్యాగులో మాత్రం పెట్టొద్దు, ఆ యంత్రాలు కడగని ఫిల్మ్‌ని తప్పకుండా పాడుచేస్తాయి. చేతి బ్యాగు కోసం కొన్ని విమానాశ్రయాల్లో ఇప్పుడు సీటీ స్కానర్లు వచ్చాయి, వాటికీ దూరంగా ఉంచాలి. రీళ్లన్నీ పారదర్శక కవర్లో వేసి, చేత్తో చూడమని భద్రతా సిబ్బందిని మర్యాదగా అడగండి. మన దగ్గర చాలాసార్లు ఒప్పుకుంటారు, క్యూ పెద్దదైతే విసుక్కుంటారు.

కెమెరాలో ఉన్న సగం రీల్‌ని బయల్దేరే ముందే వెనక్కి చుట్టేయడం మంచిది. ఎఫ్-801 అయితే రీవైండ్ గుర్తున్న రెండు బటన్లూ కలిపి నొక్కండి. ముందు కౌంటర్‌లో అంకె చూసి డబ్బా మీద పెన్నుతో రాసుకోండి. మోటారు ఫిల్మ్ కొసని కూడా లోపలికి లాగేస్తుంది కాబట్టి, తిరిగి వేసేటప్పుడు లీడర్ బయటికి తీసే ప్లాస్టిక్ పట్టీ కావాలి, ల్యాబ్ వాళ్ల దగ్గర ఉంటుంది. మళ్లీ వేశాక లెన్స్‌కి మూత పెట్టి, ఫోకస్ మీటని ‘ఎం’లో ఉంచి, ఎక్స్‌పోజర్ కూడా ‘ఎం’లోనే 8000 వేగం, 22 అపర్చర్ పెట్టి, రాసుకున్న అంకె దాటేదాకా నొక్కుకుంటూ వెళ్లండి. ఇంకో రెండు ఫ్రేములు అదనంగా వదిలేస్తే ఒక ఫోటో మీద ఇంకోటి పడదు.